ఈ కారు లైట్లు చాలట్లేదు

ఆ చలికాలమంతా మా బావ నోట ఒకటే మాట: "ఈ కారు లైట్లు చాలట్లేదే." బావ అంటే నా మొగుడే. మేనమామ కొడుకుని చేసుకున్నాను కాబట్టి పెళ్లై, షార్జా వచ్చి, అల్ నహ్దాలో కాపురం పెట్టి, ఒక కూతుర్ని కన్నాక కూడా నాకు ఆ పిలుపే ఉండిపోయింది. మొదట్లో ఆ మాట నమ్మాను. నమ్మడానికి వీలుగా కారు కూడా ముసలిదే. కానీ కొన్నాళ్లకే తెలిసిపోయింది, చాలనివి లైట్లు కావు, బావ కళ్ళు. తెలిసినా పైకి అనలేదు. బావ ఉద్యోగంలో పిలిచినప్పుడల్లా సొంత కారులో వెళ్ళక తప్పదు. ఆ ఉద్యోగం మీదే మా ముగ్గురి వీసాలూ ఉన్నాయి. ఒక్కసారి ఆ మాట అనేస్తే తర్వాత ఏం చెయ్యాలో కూడా తేల్చుకోవాలి. తేల్చుకునే ధైర్యం లేక ఇద్దరం కలిసి కారుకి లైట్లు బిగించాం.

కరోనా వచ్చిన ఏడాది ఇక్కడి నుంచి చాలామంది మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. బావ పనిచేసే కాంక్రీటు ఫ్యాక్టరీలో ఓ తెల్లాయన కూడా అలాగే వెళ్తూ తన పాత జపాన్ స్పోర్ట్స్ కారుని బావకి అప్పజెప్పాడు. అప్పటిదాకా మాకున్న బుద్ధిమంతురాలైన తెల్లకారుని అమ్మేసి దీన్ని ఇంటికి తెచ్చాడు. రెండే తలుపులు. వెనక సీటు పేరుకే, అందులో మా పాప తప్ప ఎవరూ పట్టరు. గేర్లు చేత్తో వేసుకోవాల్సిందే. నాదేమో ఆటోమేటిక్ లైసెన్సు, కాబట్టి దాని స్టీరింగ్ నేను ముట్టుకోవడానికి లేదు. దాని లైట్లు మామూలుగా కనపడవు. స్విచ్చి వేస్తే బోనెట్‌లోంచి రెండు మూతలు పైకి లేచి కళ్ళు తెరుస్తాయి. పాప దానికి కప్ప అని పేరు పెట్టింది. నేను సవతి అనేదాన్ని. సెలవు రోజు పొద్దున్నే లేచి పెళ్ళాం మొహం చూడకుండా దాని మొహం తుడిచే మగాడి కారుని ఇంకేమనాలి?

ఫ్యాక్టరీ ధైద్ దారిలో ఉంది. బావ అక్కడ ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇంజనీరు. పెద్ద రోడ్డు మీద పగటిలా దీపాలుంటాయి. అది దిగి ఫ్యాక్టరీకి వెళ్లే ముక్కకి మాత్రం ఒక్క స్తంభం లేదు. అటూ ఇటూ ఇసక, మధ్యలో టిప్పర్లు, అంచు వెంబడి తాముండే లేబర్ క్యాంపుకి నడిచిపోయే పనివాళ్ళు. ఎండాకాలంలో డ్యూటీ దిగేసరికి ఇంకా వెలుతురే. చలికాలంలో ఆ వేళకి పొద్దుగూకాక మసీదులో పిలిచే మగ్రిబ్ అజా కూడా అయిపోతుంది. ఆ చలిలో కూడా బావ చొక్కా కాలరు తడిసిపోయి ఇంటికొచ్చేవాడు. పని అయిపోయినా ఆఫీసులోనే కూర్చుని, స్టాఫ్ బస్సు కదిలాక దాని వెనక ఎర్ర దీపాలు పట్టుకుని వచ్చేవాడని తర్వాత తెలిసింది. అడిగితే, "బస్సు డ్రైవరు మనోడే, కబుర్లు చెప్పుకుంటా వస్తాం" అన్నాడు. బస్సులో ఉన్నవాడితో కారులో ఉన్నవాడు కబుర్లు ఎలా చెబుతాడో నేను అడగలేదు.

ఒక సాయంత్రం ముగ్గురం బజారు నుంచి వస్తున్నాం. మా వీధి మలుపులో, షట్టర్లు దించేసిన దుకాణాల పక్కన కాస్త మసక. అక్కడ కెఫెటేరియా పార్సిళ్ళు హ్యాండిల్‌కి తగిలించుకుని ఒకతను సైకిల్ మీద ఎదురు వస్తున్నాడు. నేను చాలాసేపటి నుంచి చూస్తూనే ఉన్నాను. బావ కూడా చూస్తున్నాడనే అనుకున్నాను. కారు అతని మీదికే వెళ్తోంది. నేను కెవ్వుమన్నాను. బావ బ్రేకు తొక్కాడు. సైకిల్ ముందు చక్రం మా బంపరుకి ఆనుకుని ఆగింది. అతను సలాం లాంటిదేదో పెట్టి, కింద పడ్డ పొట్లం ఏరుకుని వెళ్లిపోయాడు. వెనక సీట్లో పాప ఏడుపు లంకించుకుంది.

"చూసేవా? చెప్తే నమ్మవు. లైట్లు చాలట్లేదు," అన్నాడు బావ.

"లైట్లు లేకపోయినా కనపడేంత దగ్గరున్నాడు బావా."

"నీకు డ్రైవింగు ఏం తెలుసే? నోర్మూసుకు కూర్చో."

బావ నన్ను అలా అనడం అరుదు. నేను మామూలుగా అయితే ఒంటికాలి మీద లేచేదాన్ని. ఆ రోజు లేవలేదు. ఎందుకంటే నాకు మా తాతగారు గుర్తొచ్చారు.

గోదావరి లంకల్లో మా తాతగారింట్లో ఒక నియమం ఉండేది. దీపాలు పెట్టాక ఆ ఇంటి మగవాళ్ళు గడప దాటరు. వెలుతురుండగానే భోజనాలు, ఆ తర్వాత అరుగు మీద నవారు మంచం. ఊరంతా ఆ క్రమశిక్షణ గురించి చెప్పుకునేవారు. తాతగారు చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లాలంటే అమ్మమ్మ లాంతరు పట్టుకుని ముందు నడిచేది. అది భక్తి అన్నారు. బావ నాన్న, మా మావయ్య, రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లకి పొద్దుండగానే వెళ్లి, ఒక కుర్చీలో కూర్చుని, తెల్లారేదాకా లేచేవాడు కాదు. అది పెద్దరికం అన్నారు. ఆడవాళ్ళు ఎలాగూ గడప దాటరు కాబట్టి వాళ్ళ కళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. నా పెళ్లి మాటలప్పుడు మా అమ్మ అన్నది కూడా అదే: "మా పుట్టింటి మగాళ్ళు తిరుగుళ్ళోళ్ళు కాదే. చీకటి పడేసరికి ఇంట్లో ఉండే మొగుడు దొరకడం అంటే మాటలా?" తాగుడికీ పేకాటకీ పోయే మొగుళ్ళ కోసం ఆడవాళ్ళు గుమ్మాల్లో కాచుకుని కూర్చునే ఊరది. నా సంబంధం చూసి తోటివాళ్ళు కుళ్ళుకున్నారు. రేచీకటి అన్న మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. జబ్బుని నియమం చేసుకుని, ఆ నియమాన్ని చూసి పిల్లనిచ్చి పుచ్చుకున్న తెలివి మాది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

షార్జాలో అన్నేళ్ళూ బావ ఇబ్బంది బయటపడకపోవడానికి కారణం, ఆ ఫ్యాక్టరీ ముక్క తప్ప ఇక్కడ చీకటే లేకపోవడం. వీధుల్లో, మాల్స్‌లో, మెట్ల మీద, అంతటా దీపాలే. లైసెన్సు రెన్యువల్‌కి కళ్ళ పరీక్ష ఉంటుంది కానీ అది కళ్ళజోళ్ళ దుకాణంలో చేస్తారు. వెలుగున్న గదిలో కూర్చోబెట్టి ఎదురుగా ఉన్న అక్షరాలు చదవమంటారు. ఎదురుగా, వెలుగులో ఉన్నదాన్ని చదవడంలో బావకి తిరుగు లేదు. అట్టడుగు వరసలో ఉన్న పురుగుల్లాంటి అక్షరాలు కూడా గడగడా చదివేసి, ఇంటికొచ్చి నాకు గొప్పగా చెప్పాడు.

సైకిల్ సంగతి జరిగిన వారం తిరక్కుండానే బావ ఇండస్ట్రియల్ ఏరియా పాత సామాన్ల దుకాణంలో గుండ్రటి డ్రైవింగ్ లైట్లు ఒక జత సంపాదించాడు. ఆ వరసలోనే కార్ల వైరింగు చేసే పెషావర్ ఆయన దగ్గరికి నన్నూ తీసుకెళ్లాడు. ఆయన స్విచ్చి వేయించి, కప్ప కళ్ళు తెరిపించి, వాటి ముందు అరచెయ్యి పెట్టి చూశాడు.

"హెడ్‌లైట్ తో ఠీక్ హై భాయ్. క్యా ప్రాబ్లమ్?" అన్నాడు. లైట్లు బాగానే ఉన్నాయి కదా, ఇబ్బందేమిటని.

బావ మొహం మాడిపోయింది. నేను రోడ్డు మీద పోయే పికప్‌ని చూస్తూ నిలబడ్డాను.

"ఔర్ చాహియే," అన్నాడు బావ. ఇంకా కావాలి.

"లగాయేగా తో పాసింగ్ మే ఫెయిల్. ఖలాస్," అని ఆయన చేతులు దులుపుకున్నాడు. ఏడాదికోసారి కారుని తీసుకెళ్లి చూపించే పరీక్షని ఇక్కడ పాసింగ్ అంటారు. అదయితేనే బండి కాగితాలు రెన్యువల్ అవుతాయి. అదనంగా లైట్లు కనపడితే అక్కడ ఒప్పుకోరు. కానీ బావకి తెలిసినవాళ్ళందరూ చేసే పని ఒకటుంది. పాసింగ్ ముందు రోజు ఇలాంటివన్నీ విప్పి డిక్కీలో పడేస్తారు, స్టిక్కరు రాగానే మళ్ళీ బిగిస్తారు. దాచిపెట్టి పాసవ్వడం మా ఇంటికి కొత్తా? బావ కూడా తేలిగ్గా విప్పుకునేలా నాలుగు బోల్టులతో తనే బిగించుకుంటానన్నాడు.

మా బిల్డింగు ఎదురుగా కట్టడం మొదలుపెట్టని ఇసక జాగా ఉంది. చుట్టుపక్కలవాళ్ళు కార్లు అక్కడే పెడతారు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అట్టపెట్టెలు పరుచుకుని పని మొదలుపెట్టాం. పాప కింది ఫ్లాట్‌లో తన స్నేహితురాలింట్లో ఉంది. బావ ముందు బ్యాటరీ వైరు విప్పాడు. బంపరు మీద నంబరు ప్లేటుకి అటొకటీ ఇటొకటీ లైట్లు నిలబెట్టాడు. నా పని టేపు చింపి ఇవ్వడం, వైరు చివరలు చెక్కడం, అడిగినప్పుడు టార్చి పట్టడం. చెప్పొద్దూ, ఆ మధ్యాహ్నం నాకు బాగానే ఉంది. చాలా రోజుల తర్వాత బావ హుషారుగా ఉన్నాడు. పని చేస్తూ పాఠం చెప్పడం అతనికి అలవాటు.

"రిలే అంటే ఏటనుకున్నావ్? గుమాస్తా. స్విచ్చికి పెద్ద కరెంటు మొయ్యడం చేతకాదు. అందుకని గుమాస్తాకి కబురెడతాది. ఆడు తలుపు తీస్తాడు. బ్యాటరీ నించి లైటుకి అసలు కరెంటు అటు నించి పోద్ది."

"అయితే నేను నీ రిలేని."

"నువ్వు ఫ్యూజువే. ఊరికే పేలిపోతా ఉంటావ్."

నవ్వుకున్నాం. నేను చెక్కి ఇచ్చిన వైర్ల కొసలకి బావ ఇత్తడి చెవులు తొడిగి నొక్కాడు. బ్యాటరీ పక్కన ఫ్యూజు పెట్టాడు. హై బీమ్ వేసినప్పుడు మాత్రమే కొత్త లైట్లు వెలగాలని హై బీమ్ వైరు నుంచి రిలేకి ఒక కొమ్మ తీశాడు. ఎర్త్ కోసం బాడీ మీద రంగు గీకి బోల్టు పెట్టబోతుండగా నట్టు జారి కింద పడింది.

పొద్దు ఇంకా ఉంది. కాకపోతే మా బిల్డింగు నీడ కారు మీదికి వచ్చేసింది. నట్టు బావ మోకాలి పక్కనే, అట్టపెట్టె మీద, అందరికీ కనపడేలా పడి ఉంది. బావ వంగి, రెండు అరచేతులతో ఇసకని తుడుస్తూ వెతకడం మొదలుపెట్టాడు. ముందుకి తుడిచాడు, పక్కకి తుడిచాడు. చెయ్యి నట్టు పక్కనుంచే పోయింది. తాతగారు చీకట్లో చెప్పుల కోసం అచ్చం అలాగే తడిమేవారు. నేను నట్టు తీసి అతని చేతిలో పెట్టాను.

"నేనూ అటే చూస్తన్నా," అన్నాడు.

"ఆఁ," అన్నాను.

అంతా కలిపి స్విచ్చి వేసేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిమ్ పెడితే కొత్త లైట్లు వెలుగుతున్నాయి, హై బీమ్ వేస్తే ఆరిపోతున్నాయి. బావ తల పట్టుకున్నాడు. విప్పాడు, కలిపాడు, మళ్ళీ అదే. చివరికి మీటరు పెట్టి చూసి తొడ చరుచుకున్నాడు. మామూలు కార్లలో స్విచ్చి కరెంటు వైపు ఉంటుందట. ఈ పాత కారులో ఎర్త్ వైపు ఉంది. అందుకని హై బీమ్ వేసినప్పుడు ఆ వైరులో కరెంటు రావడం పోయి, ఉన్నది పోతోంది. రిలేకి ఒక కాలు ఎర్త్ నుంచి పీకి కరెంటుకి తగిలించగానే దారికొచ్చింది. చీకటి పడుతుండగా ఎదురుగా ఉన్న ప్రహరీ గోడ మీద రెండు తెల్లటి గుండ్రాలు ధగధగమన్నాయి. వాచ్‌మన్ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ వచ్చాడు.

"గోడ మీద చీమ కూడా కనపడతందే!" అన్నాడు బావ. చిన్నపిల్లాడిలా గంతులేశాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను. నిజంగానే లైట్లు చాలకపోవడమే కావచ్చని, నా అనుమానమే పాడు అనుమానమని ఆ పూట ఎంత గట్టిగా అనుకున్నానో!

కొన్ని రోజులు బాగానే గడిచాయి. బావ స్టాఫ్ బస్సు కోసం ఆగకుండా వచ్చేస్తున్నాడు. కాలరు కూడా పొడిగానే ఉంటోంది. తర్వాత ఒక రోజు కుడివైపు అద్దం లేకుండా వచ్చాడు. తలుపు మీద పొడుగ్గా గీత. ఎవరో టిప్పర్ వాడు రాసుకుంటూ పోయాడన్నాడు. నేను కిందికి వెళ్లి గీతని వేలితో తడిమి చూశాను. పసుపూ నలుపూ రంగు అంటింది. అవి రోడ్డు పని జరిగేచోట అంచున పెట్టే ప్లాస్టిక్ దిమ్మలకి వేసే రంగులు. టిప్పర్‌కి అలాంటి చారలు ఉండవు. ఆ దిమ్మ ఉన్నచోట మనిషి ఉంటే?

అప్పుడు అర్థమైంది ఆ లైట్ల సంగతి. అవి వెలుగుని ఈటెలా ముందుకి విసురుతాయి. ఎదురుగా ఎంతో దూరం కనిపిస్తుంది. పక్కకి ఇవ్వవు. పనివాళ్ళు నడిచేది రోడ్డు పక్కన. ఎదురుగా కనపడుతోంది కదా అని బావ ఇప్పుడు ఇదివరకటి కంటే వేగంగా నడుపుతున్నాడు. మేము కష్టపడి అతనికి ధైర్యం బిగించాం.

పైకి వచ్చి చెప్పాను. "సెలవు రోజు నన్ను ఆ రోడ్డుకి తీసుకెళ్ళు. నేను అంచున నిలబడతాను. నువ్వు మెల్లగా నడుపుకుంటూ రా. నన్ను చూడగానే హారన్ కొట్టు. కొడితే ఇంక జన్మలో ఈ మాట ఎత్తను."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది. తీసుకెళ్తావా, మావయ్యకి ఫోన్ చేసి రేచీకటి మీ ఇంట్లో ఎవరెవరికుందో అడగనా?"

ఆ మాట మా ఇద్దరి మధ్యా అదే మొదటిసారి. బావ తాళాలు తీసుకుని, బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు.

సెలవు రోజు పాపని కింది ఫ్లాట్‌లో వదిలి, వెలుతురుండగానే వెళ్లాం. ఫ్యాక్టరీ మూసి ఉంది, రోడ్డు మీద బళ్ళు లేవు. కారులోనే కూర్చుని, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా, చీకటి పడేదాకా ఆగాం. తర్వాత నేను దిగి ముందుకి నడిచి, తారు అంచు దాటి ఇసకలో రెండడుగులు లోపలికి నిలబడ్డాను. కావాలనే తెల్ల చున్నీ వేసుకున్నాను. నాకు బావ గెలవాలనే ఉంది. అంత కోపంలోనూ, హారన్ మోగితే బాగుండని కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

కప్ప కళ్ళు తెరిచింది. హై బీమ్, దాని కింద కొత్త లైట్లు. రోడ్డంతా పాలు పోసినట్టైంది. కారు మెల్లగా, మనిషి నడకంత మెల్లగా వచ్చింది. నేను చున్నీ రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. అద్దంలోంచి బావ మొహం కనపడుతోంది. ముందుకి వంగి, స్టీరింగ్‌ని కావలించుకున్నట్టు పట్టుకుని, నా కోసమే వెతుకుతున్నాడు. కారు నా పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, ముందుకి వెళ్లిపోయింది. హారన్ మోగలేదు.

కొంచెం ముందుకెళ్ళి ఆగింది. బావ దిగాడు. లైట్ల వెలుగులోకి వెళ్లి, నాకు వీపు పెట్టి నిలబడి, ఖాళీ రోడ్డు మీదికి అరిచాడు.

"ఎక్కడున్నావే? ఆటలొద్దు, కనపడు! నువ్వు దాక్కుంటే నాకెలా కనపడతావ్?"

"నేను దాక్కోలేదు బావా."

గిరుక్కున తిరిగాడు. నా గొంతు వచ్చిన వైపు చూస్తున్నాడు కానీ నన్ను కాదు. నేను ఏడుస్తూ వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాను. బావ ఇంజన్ ఆపి, తాళం నా చేతిలో పెట్టి, అటువైపు తలుపు తెరుచుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. నేను నడపలేనని గుర్తున్నా నేను కూడా వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అక్కడి నుంచే ట్యాక్సీకి ఫోన్ చేశాను. వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?" అడిగాను.

"ఇంజనీరింగులో ఉండగానే. హాస్టల్లో కరెంటు పోతే మంచం దిగేవోణ్ణి కాదు."

"మరి నాకు చెప్పాలా వద్దా? ఆ సైకిలోడు చచ్చిపోయుంటే? నీకు ఉద్యోగం ఎక్కువైపోయిందా, మనిషి ప్రాణం కంటే?"

"ఉద్యోగం కాదే."

"మరేటి? చెప్పు!" గట్టిగా అరిచాను. ఆ ఎడారిలో నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

బావ మెల్లగా అన్నాడు: "మొన్న సినిమాకెళ్ళాం గుర్తుందా. నువ్వు పాప్‌కార్న్ కోసం ఆగేవ్. మేం ముందు లోపలికెళ్ళాం, అప్పటికే లైట్లు తీసేసేరు. పాప నన్ను నడిపిస్తాదని నేను దాని చెయ్యి పట్టుకున్నాను. నేను నడిపిస్తానని అది నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం మెట్ల కాడే నిలబడిపోయాం. నువ్వొచ్చేదాకా."

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. వాళ్ళిద్దరూ మెట్ల దగ్గర చేతులు పట్టుకుని నిలబడి ఉంటే, నన్ను వదిలి వెళ్లి కూర్చోలేక ఆగారనుకుని మురిసిపోయాను.

"నాకుందని చెప్తే దానికీ ఉందని చెప్పాలి కదే," అన్నాడు. "లైట్లు చాలట్లేదంటే, నెపం లైట్ల మీదే పోద్ది."

నేను అతన్ని కొట్టాను. భుజం మీద, వీపు మీద, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. బావ తప్పుకోలేదు. ట్యాక్సీ అతను వచ్చి అద్దం మీద తట్టేసరికి ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఉన్నాం.

ఆ తర్వాత బావ ఆ కారు ఎక్కలేదు. ఎవరో పాత కార్ల పిచ్చివాడు వచ్చి పట్టుకుపోయాడు. ఫ్యాక్టరీలో ముదీర్‌కి, అంటే మేనేజరుకి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన ముందు మండిపడ్డాడు, తర్వాత పగటి డ్యూటీలోనే ఉంచి స్టాఫ్ బస్సులో సీటు ఇచ్చాడు. ఎన్నాళ్ళు ఉంచుతాడో తెలియదు. ప్రతి కాంట్రాక్టు రెన్యువల్‌కీ నా గుండెలు పీచుపీచుమంటూనే ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆవిడ మలయాళీ. బావ కళ్ళ ఫొటోలు చూసి, పాప కళ్ళ ఫొటోలు చూసి, మమ్మల్ని అడిగిన మొదటి మాట, "మీ ఇద్దరూ పెళ్లికి ముందే చుట్టాలా?" అవునన్నాను. ఆవిడ తలాడించి, కళ్ళలో వెనక పొర మెల్లగా మాసిపోతుందనీ, పాపకి ఇప్పుడే మొదలవుతోందనీ, చూపు ఎన్నాళ్ళు ఎంత మిగులుతుందో ఎవరూ చెప్పలేరనీ, ఏడాదికోసారి తీసుకురమ్మనీ చెప్పింది. మందుందా అని అడిగాను. పరిశోధనలు జరుగుతున్నాయంది. లేదని చెప్పడానికి అదొక మర్యాద.

పాప బయట వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళలో చుక్కలు వేయడంతో రెప్పలు చికిలించుకుని చూస్తోంది. ఏం చెప్పాలో, ఇప్పుడే చెప్పాలో వద్దో నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఊళ్ళో మావాళ్ళు చెప్పినట్టే ఏదో ఒకటి నా నోటిదాకా వచ్చింది కూడా. బావ ముందుకెళ్ళి, దాని కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు.

"దీన్ని రేచీకటి అంటారమ్మా. చీకట్లో కళ్ళు కనపడవు. నాకుంది. తాతకుంది. నీకూ ఉంది."

పాప చికిలించిన కళ్ళతోనే నాన్న మొహంలోకి వంగింది.

"అయితే ఆ రోజు సినిమాలో నీక్కూడా కనపళ్ళేదా నాన్నా?"

"కనపళ్ళేదు."

"భయమేసిందా?"

"చాలా."

"నాక్కూడా," అంది పాప.